మడమతో మూసిన తలుపు

ఆష్,
అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం.

అమ్మమ్మకు,

నీ బ్లాజెంకా దండాలు పెట్టి రాస్తున్నది. ఇక్కడ మేమంతా కులాసా. అమ్మకు నడుం నొప్పి తగ్గింది, నాన్నకు దగ్గు తగ్గలేదు. నీ పిల్లి విలేమ్‌కి మాత్రం ఏ జబ్బూ లేదు, నువ్వు లేవన్న బెంగ కూడా లేదు. నీ మంచం మీద, నీ దిండు మీదే పడుకుంటున్నాడు. యాహిమోవ్ వేడినీళ్ల స్నానాలు నీ మోకాళ్లకు పడుతున్నాయని రాశావు, చదివి అమ్మా నేనూ ఎంత సంతోషించామో. ఫోన్ చేద్దామంటే నీకు సగమే వినపడుతుంది. మిగతా సగం నువ్వే అల్లి పక్కగది ఆవిడకు చెప్తావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నువ్వడిగినవన్నీ వరసగా చెప్తాను. బాల్కనీలో జెరేనియం కుండీలు లోపల పెట్టాను. పుట్టగొడుగులు బాగా ఎండాయి, గుడ్డసంచిలో కట్టి వంటింటి మేకుకు తగిలించాను. అమ్మ ఆదివారమైనా కొట్టు మూస్తోందా అని అడిగావు. మధ్యాహ్నం నుంచి మూస్తోంది. మూసి, వెనకగదిలో కూర్చుని సరుకు సర్దుతోంది. దాన్నే విశ్రాంతి అంటోంది. నువ్వు పంపిన తీపి అప్పడాలు నాన్న ఒక్కడే తినేశాడు, దగ్గుకు మంచివట.

ఇక ఫ్రిజ్. తలుపు సరిగ్గా పడుతోందా అని ఒకే ఉత్తరంలో రెండుచోట్ల అడిగావు, రెండోచోట కింద గీత కూడా గీశావు. దాని సంగతి చివర్లో చెప్తాను. కంగారు పడకు, దోసకాయ ఊరగాయ సీసాలు ఒక్కటి తప్ప అన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంకో మాట కూడా రాశావు: "మీ కరాటే క్లాసులో చేరిన ఆ జిప్సీ మనిషితో జాగ్రత్త. నా ఇంటి తాళాలు నీ దగ్గరున్నాయి, మర్చిపోకు." దాని సంగతి కూడా చివర్లోనే చెప్తాను.

ముందు అసలు కబురు. బ్లాక్ బెల్ట్ పరీక్ష అయిపోయింది. నేను తప్పాను.

ఇక్కడ కళ్లజోడు తీసి "అయ్యో" అంటావని తెలుసు. అనకు. నిజంగా చెప్తున్నాను, నాకు ఊహ తెలిశాక ఇంత హాయిగా ఎప్పుడూ లేను. రాత్రి పడుకున్నదాన్ని పొద్దున్నదాకా మెలకువే రాలేదు. పరీక్ష తప్పితే హాయేమిటని అడుగుతావు. అది చెప్పాలంటే నీ చేతుల్లో పెరిగిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

అప్పట్లో మన వీధిలో వియత్నాం పిల్లలందరికీ తలా ఒక చెక్ అమ్మమ్మ ఉండేది కదా. మా వాళ్లు తెల్లవారకముందే కొట్టు తెరిచి, ఊరు పడుకున్నాక మూసేవాళ్లు. నన్ను చూసుకోవడానికి నేతమిల్లులో పనిచేసి రిటైరైన హోలుబోవా గారిని, అంటే నిన్ను, కుదుర్చుకున్నారు. జుయెన్ అన్న నా పేరు పలకడానికి నీకు నోరు తిరగక, మొదటిరోజే బ్లాజెంకా అని పేరు పెట్టేశావు. మొదటి జీతం తీసుకున్న నెల నాకు బూట్లు కొన్నావని, రెండో నెల నుంచి జీతమే వద్దన్నావని అమ్మ ఇప్పటికీ చెప్తుంది.

బడికి వెళ్లే దారిలో మగపిల్లలు కళ్లు వేళ్లతో పక్కకు లాగి, "ఏయ్ రెల్లుపిట్టా" అని వెంటపడేవాళ్లు. ఓ రోజు నేను ఏడ్చుకుంటూ వస్తే నువ్వు నా ముక్కు తుడిచి, చెయ్యి పట్టుకుని, అప్పటికప్పుడు వ్యాయామశాలకు లాక్కెళ్లావు. అక్కడ కరాటే నేర్పే ఒండ్రాచెక్ మాస్టారితో నువ్వన్న మాట నాకింకా గుర్తుంది.

"ఒండ్రాచెక్, ఈ పిల్లని చేర్చుకో. నీకంత కష్టం ఉండదులే. వీళ్లకి ఇది రక్తంలోనే ఉంటుంది."

"అదీ నిజమేనమ్మా. మనం చెమటోడ్చి నేర్చుకునేది వీళ్లు ఉగ్గుతోనే తాగేస్తారు," అన్నారాయన.

నేను తాగిన ఉగ్గు నువ్వు కాచిన గోధుమరవ్వ జావ. మా తాతలు హాయ్‌జువోంగ్ పక్క పల్లెలో వరి పండించి, రొయ్యలు పట్టినవాళ్లు. పైగా కరాటే జపాన్ వాళ్లది. జపాన్‌కీ మా అమ్మ పుట్టిన ఊరికీ మధ్య ఎంత సముద్రం ఉందో ఆ హాల్లో ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు నుంచి నన్నెవరూ సరిదిద్దలేదు. మిగతా పిల్లల మోచేతుల మీద మాస్టారు బెత్తంతో తట్టేవారు. నా దగ్గరికి వచ్చేసరికి ఆగి, గడ్డం నిమురుకుని, తల పంకించి వెళ్లిపోయేవారు. నేనేదో గొప్పగా చేస్తున్నాను కాబోలు అనుకునేదాన్ని. పిల్లదాన్ని, ఏం తెలుసు!

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఊరి ఉత్సవంలో వేదిక ఎక్కించారు. గుర్తుందా, నువ్వు ముందువరసలో కూర్చుని రుమాలు ఊపావు. కటా అని ఉంటుంది కదా, ఎదుట లేని శత్రువుతో ఒక్కళ్లమే వరస ప్రకారం చేసే కదలికలు. అందులో ఒకచోట రెండు చేతులూ ముందుకు పెట్టి గిర్రున వెనక్కి తిరగాలి. తిరిగేటప్పుడు నా ప్రమేయం లేకుండానే కుడి మడమ లేచి వెనక్కి ఠప్పున తన్నింది. అయిపోయింది, తిడతారనుకున్నాను. మాస్టారు మైకు అందుకున్నారు.

"చూశారా! ఇది ఏ పుస్తకంలోనూ ఉండదు. ఇది అక్కడిది. అసలు సిసలు తూర్పుది!"

జనం చప్పట్లు కొట్టారు. ఆ తరవాతి క్లాసులో అందరిచేతా ఆ తన్ను చేయించారు. 'తూర్పు మడమ' అని పేరు కూడా పెట్టారు. పోస్టాఫీసు క్వేటా గారు దాన్ని ఎంత పట్టుదలగా సాధన చేసిందంటే, ఓ రోజు ప్యాంటు కుట్టు ఊడిపోయి పార్సిల్ టేపుతో అతికించుకుంది. ఏళ్లు గడిచినకొద్దీ ఆష్‌లో కరాటే నేర్చుకున్న ప్రతి మనిషికీ ఆ మడమ అలవాటైపోయింది. అది ఎక్కడ నేర్చుకున్నావని అడిగి ఉంటే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు.

కాస్త పెద్దయ్యాక ఆ తన్ను కటాలో లేదని వీడియోలు చూసి తెలుసుకున్నాను. తెలిసి కూడా ఊరుకున్నాను. ఎందుకో నీకు నిజం చెప్తాను. కొట్లో అమ్మ వయసు కూడా చూడకుండా ముక్కూ మొహం తెలియనివాళ్లు "ఏయ్, పాలు ఎక్కడ పెట్టావ్" అంటారు. చిల్లర చేతికివ్వకుండా బల్ల మీదికి విసురుతారు. అదే మనుషులు సాయంత్రం హాల్లో నాకు నడుం వంచి నమస్కారం పెడతారు. రెల్లుపిట్టా అని అరిచిన కుర్రాళ్లు నేను ఎదురొస్తే రోడ్డు దాటి అవతలికి వెళ్లేవాళ్లు. ఆ గొడుగు కింద నాకు బాగుండేది. మడుస్తే మళ్లీ తడవాల్సిందే కదా అని భయం. మందుల షాపులో ఉద్యోగం వచ్చాక కూడా ఆ భయం పోలేదు.

ఈ వసంతంలో గిజెలా వచ్చింది. నువ్వు జాగ్రత్త అన్నది ఈమె గురించే. నువ్వు జిప్సీ అనే రోమా మనిషి, ముప్ఫై ఏళ్లుంటాయి, రొట్టెల ఫ్యాక్టరీలో పని, ఇద్దరు ఆడపిల్లలు. మోస్ట్ అనే ఊళ్లో ఏళ్ల తరబడి కరాటే నేర్చుకుని, పెళ్లయి మన ఊరు వచ్చింది. ఆమె గదిలోకి రాగానే క్వేటా గారు తన సంచీ తీసి ఒళ్లో పెట్టుకుంది. జత కట్టి తలపడే అభ్యాసంలో ఆమెతో ఎవరూ నిలబడరు.

"వద్దులెండి. కొట్లాట వాళ్ల రక్తంలోనే ఉంటుంది, ఎక్కడ ఆగాలో తెలీదు," అంది క్వేటా గారు, ఆమెకు వినపడేలాగే.

ఆ మాట నాకు బాగా తెలిసిందే అమ్మమ్మా. నన్ను పీట వేసి కూర్చోబెట్టిన మాటా, ఆమెను గుమ్మం బయట నిలబెట్టిన మాటా ఒకటే.

సెప్టెంబరులో మాస్టారు కబురు చెప్పారు. ఇన్నాళ్లూ బెల్టులు ఆయనే ఇచ్చేవారు, బ్లాక్ బెల్ట్‌కి మాత్రం ప్ల్జెన్ నుంచి పరీక్షాధికారి రావాలి, ఇన్నేళ్లకు వస్తున్నారు. ఎవరెవరు కూర్చోవాలో తేల్చడానికి అందరిచేతా కటా చేయించారు. గిజెలా చేసింది. అంత శుభ్రంగా చేసినవాళ్లను ఆ హాల్లో నేను చూడలేదు. తిరిగేచోట మడమ మాత్రం లేవలేదు.

"గిజెలా, మడమేదీ?"

"అక్కడ మడమ లేదు మాస్టారూ."

"ఎవరన్నారు?"

"నాకు నేర్పినాయన. తిరిగి, కిందికి కూచుని, చెయ్యి అడ్డం పెట్టాలి. కాలు లేపితే తూలిపోతాం."

"నీకు నేర్పినాయన పుస్తకం చూసి నేర్పాడు. ఇక్కడ అసలైన మనిషి ఉంది, కళ్లు తెరిచి చూసి నేర్చుకో," అని నా వైపు చెయ్యి చూపించారు. "నెలల తరబడి చెప్తున్నా. నీకు వినే బుద్ధే లేదు. మడమ లేకపోతే పరీక్షా లేదు."

గిజెలా నా వైపు చూసింది. నేను ఊడని బెల్టును మళ్లీ ముడివేసుకుంటూ నేల చూపులు చూశాను.

"అయితే నేను రాను. లేని తన్ను నేను తన్నను," అని సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

నాకు అక్కడ నిలబడబుద్ధి కాలేదు. తెల్ల డ్రెస్సు మీదే బస్టాపు దాకా వెనకాలే పరిగెత్తాను.

"నీకు తెలుసుగా అది తప్పని?" అంది నన్ను చూడగానే.

"తెలుసు."

"మరి?"

ఆమె నవ్వింది, కోపం కలిసిన నవ్వు.

"బాగుందమ్మా వరస! నువ్వు తప్పు చేస్తే సంప్రదాయం. నేను ఒప్పు చేస్తే పొగరు. నేను మా పిల్లలకి చెప్పొచ్చాను తెలుసా, మీ అమ్మకి నల్లబెల్టు వస్తుంది, ఇంక బడిలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరని."

బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది. ఆమె పిల్లల గురించి చెప్పిన మాట, నన్ను వ్యాయామశాలకు లాక్కెళ్తూ 'ఇంక నిన్నెవరూ ఏమీ అనరు' అని నువ్వు నాతో అన్న మాట, రెండూ ఒకటే. నేను వెనక్కి తిరిగి హాల్లోకి నడిచాను. అందరూ వెళ్లిపోయారు, మాస్టారు చాపలు చుట్టుకుంటున్నారు.

"మాస్టారూ, ఆ తన్ను మా తాతలది కాదు. కటాలోదీ కాదు. మా అమ్మమ్మ ఫ్రిజ్‌ది," అన్నాను గుక్క తిప్పుకోకుండా.

ఆయన మురిసిపోయారు. "ఇదిగో, ఇదే మీవాళ్లలో నాకు నచ్చేది. ఎంత వినయం! ఉన్న విద్యని ఎంత బాగా దాచుకుంటారు!"

"వినయం కాదండీ, నిజం."

"అదే తల్లీ, అదే వినయమంటే."

ఏం చెయ్యను చెప్పు! నిజం చెప్పినా అది కూడా మా రక్తంలోకే పోతోంది. నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే కోపం వచ్చింది. "రేపు శనివారం. మా అమ్మమ్మ ఇంటికి రండి, చూపిస్తాను," అన్నాను. గిజెలాకు కూడా ఫోన్ చేసి రమ్మన్నాను.

చివర్లో చెప్తానన్నది ఇదే అమ్మమ్మా. నీ అనుమతి లేకుండా వాళ్లిద్దరినీ నీ ఇంటికి తీసుకొచ్చాను. ముందుగదిలోకి కాదు, నీ వంటింట్లోకి. ఎవరినీ రానివ్వవు అందులోకి, నాకు తెలుసు.

నీ ఫ్రిజ్ తలుపు సంగతి ప్రపంచంలో మనిద్దరికే కదా తెలుసు. రబ్బరు ఊడి, నేల వాలుగా ఉండి, ఎంత నెట్టినా మళ్లీ తెరుచుకుంటుంది. కిందివైపు మడమతో ఒక్కటిస్తేనే పడుతుంది. నువ్వు రెండు చేతులా గిన్నె పట్టుకుని పొయ్యి వైపు తిరుగుతూ, వెనక్కి చూడకుండానే, మాట కూడా ఆపకుండా తన్నేదానివి. ఠప్! నీ వెనకాలే పళ్లెం పట్టుకుని నేను. ఠప్! నా తూర్పు దేశపు ప్రాచీన విద్య మొత్తం అదే. ఆరేళ్లకే నాకు అంతా వచ్చేసింది.

మాస్టారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. నేను ఫ్రిజ్‌లోంచి ఊరగాయ సీసా రెండు చేతులా తీసి, తిరిగి, మడమతో తలుపు మూశాను.

"మళ్లీ చెయ్యి," అన్నారు.

మళ్లీ చేశాను. ఆయన స్టూలు లాక్కుని కూలబడ్డారు.

"అంటే... ఇన్నేళ్లుగా... ఈ ఊరు ఊరంతా కలిసి... హోలుబోవా గారి ఫ్రిజ్ మూస్తున్నామా?"

గిజెలా కడుపు పట్టుకుని బల్ల మీదకి వాలిపోయింది. నాకూ నవ్వు ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు, మొహం బీట్‌రూట్ దుంపలా అయిపోయింది.

"నన్ను పెద్ద వెధవని చేశావు కదా తల్లీ."

"మీరు ఒక్కసారి కూడా అడగలేదు మాస్టారూ. నా మోచెయ్యి ఎలా ఉందో కూడా చూడలేదు. అందరినీ తిట్టారు, నన్ను తిట్టలేదు. నాకేం తెలుసని ముందువరసలో నిలబెట్టారు?"

అంత గట్టిగా ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన సీసా మూత తీసి, నీ దోసకాయ ఒకటి తిని, ఇంకోటి తిని, అప్పుడు నెమ్మదిగా చెప్పారు. వాళ్ల కుర్రతనంలో, కమ్యూనిస్టుల రోజుల్లో, కరాటే పుస్తకాలు దొరికేవి కావట. చేతులు మారి మారి వచ్చిన జెరాక్సు కాగితాలు చూసి నేర్చుకున్నారట. బొమ్మల్లో పాదాల దగ్గరే సిరా అలుక్కుపోయి ఉండేదట. "కాళ్లు ఎక్కడ పెట్టాలో నాకెప్పుడూ నమ్మకం లేదు. నిన్ను చూడగానే హమ్మయ్య, తెలిసినవాళ్లు వచ్చారు అనుకున్నా," అన్నారు. నాకు ఆయన మీద కోపం కరిగిపోయింది.

అప్పుడు లేచారు. "నిలబడు. చెయ్యి, మొదట్నుంచి."

పొయ్యికీ బల్లకీ మధ్య ఉన్న ఆ కాస్త జాగాలో కటా చేశాను.

"మోచెయ్యి బయటికి పోతోంది. నడుం ఎక్కడో ఉంది. ఆ భుజమేమిటి, కోటు తగిలించే కొక్కెంలాగా? ఇంత ఘోరంగా చేస్తున్నావేంటే! ఎవరు నేర్పారసలు నీకు?"

అని, తన మాట తనకే వినపడి ఆగిపోయారు. "నేనే," అన్నారు.

అమ్మమ్మా, ఆ తిట్లు వింటుంటే నాకెంత హాయిగా ఉందో రాయడం చాతకావడం లేదు. ఒక మనిషి నా మోచెయ్యి వైపు చూశాడు. నా వెనకాల లేని సముద్రాలూ కొండలూ కాకుండా, నా మోచెయ్యి. కళ్లనీళ్లు కారిపోతుంటే "ఇంకా చెప్పండి, ఇంకా చెప్పండి" అంటూ నిలబడ్డాను.

ఇక అసలు నేరం. వెళ్లబోతూ మాస్టారు "ఏదీ, నన్నూ ఒకసారి చూడనీ" అని, తలుపు తెరిచి, గిర్రున తిరిగి, ఆయన ఎత్తూ బరువూ తెలుసు కదా, మడమతో ఒక్కటిచ్చారు. కీలు విరిగి తలుపు ఊడి కిందపడింది. గిజెలా రెండు సీసాలు గాల్లోనే పట్టుకుంది, మూడోది విలేమ్ పక్కన పడి పగిలింది. వంటిల్లంతా వెనిగర్ కంపు. గిజెలా సీసాలు బల్ల మీద పెట్టి తీరిగ్గా అంది:

"ఇప్పుడు చెప్పండి మాస్టారూ. ఎక్కడ ఆగాలో తెలీనిది ఎవరికి?"

ఆయన ఊడిన తలుపు ఒళ్లో పెట్టుకుని నేల మీదే కూర్చున్నారు. "నీ కటా సరిగ్గా ఉంది గిజెలా. మొదటిరోజు నుంచీ ఉంది. నేను నిన్ను చూళ్లేదు. నువ్వు పరీక్షకి రా. నేను అడుగుతున్నా," అన్నారు. ఆమె వెంటనే ఒప్పుకోలేదు. "అదే మాట క్లాసులో అందరి ముందూ అనండి, వస్తా," అంది. మంగళవారం క్లాసులో అందరి ముందూ అన్నారు. ఫ్రిజ్ కథంతా ఆయన నోటితోనే చెప్పారు. క్వేటా గారికి కోపం వచ్చి, చిరిగిన ప్యాంటు డబ్బులు ఎవరిస్తారంది. ఆ తరవాత మిగతావాళ్లతో పాటు తనూ నవ్వింది. రెండు క్లాసులు గడిచాక, ఎవరూ చెప్పకుండానే, తలపడే అభ్యాసంలో గిజెలా ఎదుట వచ్చి నిలబడింది. ఇంటికెళ్లేటప్పుడు మోకాలు పట్టుకుని, "ఆగమన్నచోటల్లా ఆగింది, నేనే తూలిపడ్డా," అని నాతో చెప్పింది.

నిన్న పరీక్ష. ప్ల్జెన్ నుంచి వచ్చినావిడ చాలా కచ్చితమైన మనిషి, ముందు రోజు అన్నం తిననట్టు ఉంటుంది. గిజెలా నెగ్గింది! పిల్లలిద్దరూ కుర్చీలెక్కి అరిచారు. క్వేటా గారు ఎంత అణచుకున్నా మడమ లేచిపోయింది. "అదేమిటి?" అంది పరీక్షాధికారి. "మా ఊరి హోలుబోవా గారి వంటింటిదండీ. మానడానికి కాస్త టైం పడుతుంది," అన్నారు మాస్టారు చేతులు కట్టుకుని. నా వంతు వచ్చింది. ఆవిడ పెన్ను కింద పెట్టి, "మీరు ఎన్నాళ్లుగా నేర్చుకుంటున్నారు?" అంది.

"మూడు వారాలుగా అండీ," అన్నాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే అమ్మ ఉల్లికాడలు తరుగుతూ తల కూడా ఎత్తలేదు. "నాకెప్పుడో తెలుసు. మీ తాత కోడిపిల్లని కూడా పట్టుకోలేకపోయేవాడు," అంది. ఇవాళ కొట్లో ఒకాయన "ఏంటి, మీవాళ్లు కూడా తప్పుతారా?" అని అడిగాడు. "తప్పుతామండీ. మీరు పాలు మర్చిపోయారు," అన్నాను. గొడుగు మడిచేశాను కానీ, అనుకున్నంత తడవలేదు అమ్మమ్మా. కాస్త తడిసినా ఫరవాలేదనిపిస్తోంది. మంగళవారం నుంచి వెనకవరసలో, తెల్లబెల్టు పిల్లల పక్కన నిలబడతాను. మాస్టారు అందరికన్నా ఎక్కువ నన్నే తిడతానని మాటిచ్చారు.

కొత్త ఫ్రిజ్ వచ్చింది. క్లాసువాళ్లంతా కలిసి కొన్నారు, డ్రెస్సులు కూడా మార్చుకోకుండా మూడో అంతస్తు దాకా మోశారు. కింది ఇంటావిడ బిల్డింగు మీద దాడి జరుగుతోందనుకుని తలుపు గడియ పెట్టుకుంది. పాతదాన్ని పారెయ్యనివ్వలేదు, నేలమాళిగలో పెట్టించాను.

నీ తాళాల్లో ఒక జత ఇప్పుడు గిజెలా దగ్గరుంది. నాకు పొద్దుటి డ్యూటీ పడింది, ఆమె ఫ్యాక్టరీ నుంచి వస్తూ విలేమ్‌కి పాలు పోసి వెళ్తోంది. ఎవరి దగ్గరికీ వెళ్లని వెధవ, ఆమె ఒళ్లోంచి దిగడు. కోప్పడాలనుంటే నా మీద కోప్పడు. నా రక్తంలో ఉందని నువ్వు ప్రేమతోనే అన్నావు, నాకు తెలుసు. కానీ దానివల్ల ఇన్నేళ్లు నాకెవరూ ఏమీ నేర్పలేదు. ఆమె గురించి రాసిన మాట ప్రేమతో రాయలేదు. అది నిన్ను పెంచినవాళ్ల దగ్గర నువ్వు చూడకుండా నేర్చుకున్న మాట, నేను ఆ తన్ను నేర్చుకున్నట్టే. నువ్వు వచ్చిన రోజు ఆమె గసగసాల రొట్టె తెస్తానంది. వంటింట్లోనే కూర్చుని ముగ్గురం తిందాం. నాకోసం సరేనను.

కొత్త తలుపు వేలితో తోస్తే చాలు, దానంతటదే మెత్తగా మూసుకుంటుంది. అయినా ఇందాక నీ వంటింట్లో గిన్నె పట్టుకుని తిరిగానా, మడమ లేచింది. గాల్లో తన్ని, ఒక్కదాన్నే నిలబడి నవ్వుకున్నాను. హాల్లో మాన్పిస్తానని, ఇంట్లో మాననక్కర్లేదని మాస్టారన్నారు. మనిద్దరి మధ్యా ఒక్క చుక్క రక్తసంబంధం లేదు అమ్మమ్మా. నాలో పోనిదంటూ ఏదైనా ఉంటే, అది నీ నుంచి వచ్చిందే.

మోకాళ్లు జాగ్రత్త. మెట్ల మీద పట్టుకోవడానికి నేను స్టేషన్‌కి వస్తాను.

ఇట్లు,
నీ వంటింట్లో పెరిగిన మనవరాలు,
బ్లాజెంకా